పెద్ద పరిశ్రమ... పెరుగుదలకు హామీయేనా?

సింగరేణి గనుల నుంచి చిరుధాన్యాల బిస్కెట్ల దాకా అడవి అంచున ఎదురైన అనుభవాలు

పాల్వంచ: కోకింగ్ బొగ్గు లేకుండా, మామూలు బొగ్గుతోనే స్పాంజ్ ఇనుము తయారు చేయవచ్చని దేశానికి మొదట చూపించింది పాల్వంచ. ఈ సంగతి నేటి యువతలో చాలామందికి తెలియదు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఐక్యరాజ్య సమితి సంస్థల సాయంతో స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్‌ను నెలకొల్పాయి. ఏటా 30 వేల టన్నుల సామర్థ్యంతో 1980లో ఉత్పత్తి మొదలైంది. ఉక్కు పరిశ్రమ లెక్కల్లో 30 వేల టన్నులు పిడికెడుకు సమానం. అయితే ఆ పిడికెడు ప్రయోగమే దేశ ఉక్కు రంగంలో ఒక కొత్త దారి తెరిచింది.

మన దేశంలో బొగ్గుకు కొదవ లేదు గానీ బ్లాస్ట్ ఫర్నేస్‌కు కావలసిన మేలురకం కోకింగ్ బొగ్గు తక్కువ. పాల్వంచలో తిరుగుడు కొలిమిలోకి ఇనుప ఖనిజాన్ని, మామూలు బొగ్గును కలిపి పంపారు. ఖనిజం కరగకుండానే అందులోని ప్రాణవాయువును బొగ్గు లాగేసుకుంటుంది. మిగిలేది గుల్లబారిన ఇనుము. తుక్కు ఇనుముకు బదులుగా దాన్ని విద్యుత్ కొలిమిలో వాడుకోవచ్చు. ఈ పద్ధతి మన బొగ్గుతో, మన ఖనిజంతో సాధ్యమేనని ఇక్కడ రుజువైంది. అటుపై ఛత్తీస్‌గఢ్, ఒడిశా, బళ్లారి ప్రాంతాల్లో ఇలాంటి కొలిములు పుట్టగొడుగుల్లా లేచాయి. 2000 దశకం తొలినాళ్లకే స్పాంజ్ ఇనుము ఉత్పత్తిలో భారత్ ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. అందులో అధిక భాగం బొగ్గు ఆధారిత కొలిముల నుంచి వచ్చినదే.

మరి దారి చూపిన పాల్వంచ ఏమైంది? 1985లో సామర్థ్యం 60 వేల టన్నులకు పెరిగింది. ఎదుగుదల అక్కడితో ఆగింది. చివరకు 2010లో ఆ సంస్థ ఎన్ఎండీసీలో విలీనమైంది. విద్య నేర్పిన గురువు బడి వరండాలోనే మిగిలాడు, శిష్యులు మాత్రం రాజ్యాలు ఏలారు.

ఈ కథను ఇప్పుడు తవ్వుకోవడానికి కారణం ఉంది. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పరిశ్రమల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ చర్చ 'ఎంత పెద్దది?' అన్న ప్రశ్న వద్దే మొదలై అక్కడే ముగుస్తోంది. ఎన్ని వేల కోట్లు, ఎన్ని వేల ఉద్యోగాలు, ఎన్ని లక్షల టన్నులు అన్నవే శిలాఫలకాలకు ఎక్కుతున్నాయి. పెద్ద సంస్థ వస్తే ప్రాంతం పెరుగుతుందని, కొత్త సాంకేతికత దానంతట అదే వచ్చిపడుతుందని నాయకులు, ప్రజలు ఒకే రీతిన నమ్ముతున్నారు. మన కళ్లముందున్న పరిశ్రమల చరిత్ర మాత్రం ఆ నమ్మకాన్ని సగమే సమర్థిస్తోంది.

పండితుల్లోనూ ఏకాభిప్రాయం లేదు

సంస్థ పరిమాణానికి, ఎదుగుదలకు, నూతన ఆవిష్కరణలకు ఉన్న సంబంధంపై ఆర్థికవేత్తలు శతాబ్ద కాలంగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆస్ట్రియాకు చెందిన జోసెఫ్ షుంపీటర్ 1911లో వెలువరించిన గ్రంథంలో కొత్తదనమంతా సాహసించే కొత్త వ్యాపారుల నుంచే పుడుతుందన్నారు. అదే షుంపీటర్ 1942 నాటికి మాట మార్చి, పరిశోధనకు డబ్బు, ఓపిక ఉన్న పెద్ద సంస్థలకే అది సాధ్యమన్నారు. 1962లో కెన్నెత్ ఆరో దీనికి ఎదురు వాదన చేశారు. పోటీ లేని గుత్త సంస్థకు ఉన్న లాభం ఎలాగూ ఉంటుంది కనుక కొత్తది కనిపెట్టాలన్న ఆత్రం తక్కువగా ఉంటుందన్నది ఆయన తర్కం.

1980లలో అమెరికా శాస్త్రవేత్తలు ఆక్స్, ఆడ్రెట్ష్‌లు పరిశ్రమల వారీగా ఆవిష్కరణలను లెక్కించి తగవును కొంత తేల్చారు. భారీ పెట్టుబడి అవసరమైన, కొద్దిమంది చేతిలో ఉన్న రంగాల్లో పెద్ద సంస్థలది పైచేయి. నైపుణ్యం గల పనివారిపై ఆధారపడే రంగాల్లో చిన్న సంస్థలు చురుగ్గా ఉంటాయి. అంటే అన్ని పరిశ్రమలకూ ఒకే తూకం రాయి పనికిరాదు. ఉద్యోగాల విషయంలోనూ ఇంతే. కొత్త కొలువుల్లో ఎక్కువ భాగం చిన్న సంస్థలవేనని 1979లో డేవిడ్ బర్చ్ ప్రకటించగా, ప్రభుత్వాలన్నీ ఆ మాట పట్టుకున్నాయి. 2013లో హాల్టివాంగర్ బృందం అమెరికా లెక్కలను మళ్లీ తిరగేసి, కొలువులు సృష్టించేవి చిన్న సంస్థలు కావు, వయసులో లేత సంస్థలని చూపింది. కొత్తగా పుట్టిన సంస్థలు సహజంగా చిన్నవిగా ఉంటాయి కాబట్టి ఇంతకాలం పొరబడ్డామన్నమాట.

మన దేశానికి అచ్చంగా వర్తించే అధ్యయనం మరొకటి ఉంది. షే, క్లెనో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2014లో వెలువరించిన పరిశీలన ప్రకారం, అమెరికాలో 40 ఏళ్లు నిలిచిన కర్మాగారం సగటున కొత్త కర్మాగారం కన్నా ఏడెనిమిది రెట్ల మందికి పని ఇస్తుంది. భారత్‌లో మాత్రం 40 ఏళ్లు బతికిన కర్మాగారం కూడా పుట్టినప్పటికన్నా పెద్దగా పెరగడం లేదు. చిన్నగా పుట్టడం తప్పేమీ కాదు. చిన్నగానే ముసలిదవడం వద్దే చిక్కు.

బొగ్గు పెరిగింది... కొలువు తరిగింది

పరిమాణంలో ఈ ప్రాంతానికి పెద్దన్న సింగరేణి. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు జాడ కనుగొన్నారు. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొనుగోలు చేసింది. ప్రస్తుతం తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

1990ల ఆరంభంలో సంస్థలో లక్ష మందికి పైగా కార్మికులు ఉండేవారు. నేడు ఆ సంఖ్య 40 వేల స్థాయికి దిగివచ్చింది. 1999-2000లో సుమారు 3 కోట్ల టన్నులుగా ఉన్న బొగ్గు ఉత్పత్తి ఇటీవలి సంవత్సరాల్లో 7 కోట్ల టన్నుల పరిసరాలకు చేరింది. తట్టా చెమ్మస్ పట్టిన భూగర్భ గనుల స్థానాన్ని ఓపెన్‌కాస్టు గనులు ఆక్రమించాయి. సంస్థ పెరిగిందా అంటే టన్నుల్లో పెరిగింది. కొత్తగూడెం, ఇల్లెందు బజార్లలో దుకాణదారులను అడిగితే మాత్రం వేరే సమాధానం వస్తుంది. అవుట్‌సోర్సింగ్, కాంట్రాక్టు కార్మికుల జీతంతో నడిచే బజారు, పర్మినెంటు కార్మికుడి జీతంతో నడిచిన బజారు ఒకటి కావు.

ఆవిష్కరణల మాటకొస్తే సింగరేణిది ప్రధానంగా కొనుగోలు బాట. లాంగ్‌వాల్ యంత్రాలైనా, డ్రాగ్‌లైన్లైనా వేరేచోట రూపొందినవే. అయితే దీన్ని తక్కువ చేయరాదు. లాంగ్‌వాల్ వంటి ప్రయోగంలో నష్టం వచ్చినా తట్టుకుని, దశాబ్దాల తరువాత 2014లో అడ్రియాలలో మళ్లీ భారీగా చేపట్టగలిగింది అంటే అది పరిమాణం ఇచ్చిన ధీమాయే. 1990లలో సంస్థ రెండు పర్యాయాలు బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. ప్రభుత్వం ఆదుకుంది, కార్మికులు శ్రమించారు, సంస్థ కోలుకుంది. అదే గండం చిన్న కర్మాగారానికి వచ్చి ఉంటే తాళం పడేది. మణుగూరు సమీపంలోని పగిడేరు వద్ద భూమిలోంచి ఉబికే వేడినీటితో 20 కిలోవాట్ల విద్యుత్ తయారీ ప్రయోగాన్ని చేపట్టినదీ సింగరేణియే. 20 కిలోవాట్లతో ఒక కుగ్రామానికి దీపాలు వెలుగుతాయి, అంతే. లాభనష్టాలు చూసుకునే చిన్న సంస్థ దాని జోలికి వెళ్లదు. వెళ్లగలిగిన పెద్ద సంస్థ ఇలాంటి పనులు ఇంకెన్ని చేయాలన్నదే ప్రశ్న.

విద్యుత్తు రంగంలో ఈ లెక్క మరీ సూటిగా కనిపిస్తుంది. పాల్వంచ కేటీపీఎస్‌లో 1960, 70లలో కట్టిన ఎనిమిది యూనిట్లు కలిపితే 720 మెగావాట్లు. 2018లో ఏడో దశ కింద వచ్చిన ఒక్క యూనిట్ సామర్థ్యమే 800 మెగావాట్లు. పాత కూలింగ్ టవర్లను 2024లో నేలమట్టం చేశారు. ఇక్కడ పెద్ద యూనిట్ అంటే తక్కువ బొగ్గుతో ఎక్కువ కరెంటు, తక్కువ మంది సిబ్బంది. ఈ రంగంలో చిన్నదానికి చోటు లేదు.

వెదురు కరవు నేర్పిన పాఠం

బూర్గంపాడు మండలం సారపాక కాగితపు మిల్లు కథ వీటన్నిటికన్నా ఆలోచింపజేసేది. ఐటీసీ ప్రోత్సాహంతో ఏర్పడిన భద్రాచలం పేపర్ బోర్డ్స్ 1979లో ఉత్పత్తి ప్రారంభించింది. ఆనాడు అడవి వెదురే ముడిసరుకు. గోదావరి నీళ్లు, అడవి వెదురు ఎన్నటికీ తరగవన్న లెక్కతో మిల్లు ఇక్కడికి వచ్చింది. అడవి తరిగింది. 1988 జాతీయ అటవీ విధానం పరిశ్రమలు తమ ముడిసరుకును రైతుల సహకారంతో పెంచుకోవాలే తప్ప అడవిపై ఆధారపడరాదని స్పష్టం చేసింది.

మిల్లు ముందు రెండే దారులు మిగిలాయి. మూసుకోవడం, లేదా చెట్టు పెంచడం. 1989 ప్రాంతంలో క్లోన్ మొక్కల పరిశోధన మొదలైంది. నీలగిరి తోటల్లో నిటారుగా, వేగంగా, తెగుళ్లకు తట్టుకుని పెరిగిన మేలైన చెట్లను ఎంపిక చేశారు. వాటిని నరికి, మోడు నుంచి వచ్చిన లేత చిగుళ్లను కత్తిరించి, తేమ గదుల్లో వేళ్లు పట్టించారు. విత్తనంతో వచ్చే మొక్కలో తల్లి గుణం వస్తుందన్న హామీ లేదు. చిగురుతో వచ్చే మొక్కకు తల్లి గుణాలన్నీ వస్తాయి. ఎన్నో రకాలను పరీక్షించి, నేల స్వభావాన్ని బట్టి ఏది ఎక్కడ పెరుగుతుందో తేల్చడానికి ఏళ్లు పట్టింది. ఫలితంగా దిగుబడి రెండు మూడు రెట్లు పెరిగింది. 'భద్రాచలం క్లోన్లు' దేశమంతటా అటవీ శాస్త్ర పాఠ్యాంశమయ్యాయి. మిల్లు 2002లో క్లోరిన్ వాయువు వాడని గుజ్జు తయారీకి, 2008లో ఓజోన్‌తో తెలుపుచేసే పద్ధతికి మారింది. ఆ 2002లోనే కంపెనీ మాతృసంస్థ ఐటీసీలో కలిసిపోయింది.

ఇక్కడ ఆవిష్కరణను పుట్టించింది పరిమాణమా? కాదు, కరవు. కానీ ఆ కరవును పదేళ్ల పరిశోధనగా మార్చే ఓపిక పెద్ద సంస్థకే ఉంటుంది. పది సంవత్సరాలు ఫలితం చూపకుండా మొక్కలపై ఖర్చు చేస్తానంటే చిన్న నర్సరీకి ఏ బ్యాంకు అప్పు ఇస్తుంది? అదే సమయంలో ఆ మొక్క నాటిన చేతులు సన్న, మధ్యతరహా రైతులవి. వారు నమ్మి చెలకల్లో నాటకపోతే పరిశోధన ప్రయోగశాల దాటేది కాదు. నేడు క్లోన్ మొక్కలు పెంచి అమ్మే ప్రైవేటు నర్సరీలు ఊరూరా వెలిశాయి. పెద్దది కనిపెట్టింది, చిన్నవి పంచిపెట్టాయి. అయితే కొనుగోలుదారు దాదాపు ఒక్కడే అయినచోట ధర నిర్ణయంలో రైతు మాట ఎంత చెల్లుతుందన్నది పాత ప్రశ్నే. కర్ర ధర పడిపోయినప్పుడల్లా తోటలు తీసి మిరప, పత్తి వేసినవారు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు.

పాల్వంచలోనే మరో ఉదాహరణ నవభారత్. 1970లలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారంగా మొదలైంది. ఆ ఉత్పత్తిలో ఖర్చంతా కరెంటుదే. అందుకే స్వయంగా విద్యుత్ తయారీలోకి దిగింది. ఆ అనుభవంతో ఆఫ్రికాలోని జాంబియాకు వెళ్లి మాంబా బొగ్గు గనిని, దానికి అనుబంధంగా 300 మెగావాట్ల విద్యుత్ కేంద్రాన్ని నడుపుతోంది. మధ్యతరహా సంస్థ ఎదిగితే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇది చాలు. ఆ ఎదుగుదల పాల్వంచలో కాక జాంబియాలో జరిగిందన్నది మనం గమనించవలసిన అంశం.

చిన్నవి చిన్నగానే

ఖమ్మం చుట్టూ విస్తరించిన గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్లు దీనికి పూర్తి భిన్నం. ఇక్కడ పరిశోధనశాలలు లేవు. పక్క యూనిట్‌లో కొత్త యంత్రం వచ్చిందంటే నెల తిరక్కుండా మెకానిక్ దాని గుట్టు పట్టేస్తాడు. పనివాడు యూనిట్ మారితే నైపుణ్యం కూడా వెంట వెళుతుంది. ఆక్స్, ఆడ్రెట్ష్‌లు చెప్పిన చిన్న సంస్థల చురుకుదనం ఇదే. కానీ యూనిట్ల సంఖ్య పెరుగుతోందే తప్ప ఒక్కో యూనిట్ పెరగడం లేదు. విద్యుత్ చార్జీ, రాయల్టీ, రవాణా ఖర్చు, అప్పు బేరం కలిసి యజమానిని అక్కడే కట్టిపడేస్తున్నాయి. ముడి రాయిని బ్లాకులుగా ఎగుమతి చేస్తే విలువ జోడింపు విదేశంలో జరుగుతుంది. స్లాబుగా మార్చి అమ్మాలంటే ఆర్డరు దొరకాలి. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల పరిమితులను పెంచింది. చిన్న సంస్థ అంటే ఇప్పుడు రూ.25 కోట్ల పెట్టుబడి, రూ.100 కోట్ల టర్నోవరు వరకు. రాయితీ పోతుందన్న భయంతో ఎదగకుండా ఆగినవారికి ఇది మేలు చేస్తుంది. అయితే ఆర్డరు లేక ఆగినవారిని కొత్త నిర్వచనం ఆదుకోలేదు.

అశ్వారావుపేట, దమ్మపేట మండలాల్లో పామాయిల్‌ది మరో తరహా. 1993 నాటి చట్టం ప్రకారం ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో కర్మాగారానికి కేటాయిస్తారు. గెలలు కోసిన వెంటనే గానుగ ఆడకపోతే నూనె నాణ్యత చెడుతుంది కనుక కర్మాగారానికి చుట్టూ ఖాయమైన విస్తీర్ణం కావాలి. ఆ మేరకు చట్టానికి అర్థముంది. కానీ చట్టమే పోటీని తీసివేసినప్పుడు గెల నుంచి ఎంత నూనె తీస్తున్నారో అడిగే నాథుడుండడు. రైతుకు ఇచ్చే ధర ఆ నూనె శాతంపైనే ఆధారపడుతుంది. అశ్వారావుపేట కర్మాగారానికి తోడుగా 2017లో అప్పారావుపేటలో రెండో కర్మాగారం వచ్చాక రైతులకు పోల్చి చూసుకునే వీలు కలిగింది. రెండూ ఒకే ఆయిల్‌ఫెడ్‌వి అయినా సరే, పక్కన మరొకటి ఉండటమే లెక్క అడిగే ధైర్యాన్నిచ్చింది.

తనఖా లేని వ్యాపారం

ఇక అడవి లోపలి మాట. భద్రాచలం ఐటీడీఏ పరిధిలోని ఆదివాసీ మహిళా సంఘాలు కొన్నేళ్లుగా ఆహార తయారీ యూనిట్లు నడుపుతున్నాయి. ఇక్రిశాట్ సాంకేతిక సాయంతో గిరిజన సంక్షేమ శాఖ చేపట్టిన 'గిరిపోషణ'లో భద్రాచలం, ఉట్నూరు, ఏటూరునాగారం యూనిట్లు భాగమయ్యాయి. కూలికి వెళ్లే మహిళలు చిరుధాన్యాల బిస్కెట్లు తయారుచేసి 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో అమ్ముతున్నారు. 'గిరి శానిటరీ ప్యాడ్స్' పేరిట మూడు నెలల్లో 40 వేల ప్యాడ్లు తయారుచేశారు. 2025 జూన్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లో వీరి కృషిని ప్రస్తావించారు.

పేరు దేశమంతా వినిపించింది. మరి ఈ యూనిట్ పది రెట్లు పెరగాలంటే అడ్డేమిటి? ప్రధానంగా పెట్టుబడి. షెడ్యూల్డు ప్రాంతంలో 1/70 చట్టం వల్ల భూమి గిరిజనేతరుల చేతిలోకి పోదు. ఈ చట్టం లేకుంటే ఈపాటికి ఆదివాసీకి అడుగు నేల మిగిలేది కాదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు కూడా షెడ్యూల్డు ప్రాంత ఖనిజాలను ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని కట్టడి చేసింది. ఈ రక్షణలపై చేయి వేయకూడదు. అయితే వేలంలో అందరూ కొనలేని భూమిని తనఖా పెట్టుకునేందుకు బ్యాంకులు మొగ్గు చూపవన్నది వాస్తవం. అందుచేత భూమి బదులు ఆర్డరును చూసి అప్పు ఇచ్చే ఏర్పాటు కావాలి. గురుకులాలు, వసతిగృహాలు, అంగన్వాడీలు ఏడాది పొడవునా కొనే సరుకులో కొంత భాగాన్ని మూడేళ్ల ఒప్పందంతో ఈ సంఘాలకు కేటాయిస్తే ఆ ఒప్పంద పత్రమే తనఖా అవుతుంది. ప్రస్తుతం ఆర్డర్లు ఏ అధికారి ఉత్సాహంగా ఉంటే ఆ అధికారి ఉన్నంత కాలమే అన్న చందంగా ఉన్నాయి. బదిలీ అయితే యంత్రానికి ముసుగు పడే ప్రమాదం ఎప్పుడూ పొంచే ఉంటుంది.

బయ్యారం ఆశ వెనుక

2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో, ఖమ్మం జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లోగా సెయిల్ పరిశీలించాలని రాశారు. నాడు ఖమ్మంలో ఉన్న బయ్యారం 2016లో మహబూబాబాద్ జిల్లాలో చేరింది. కర్మాగారం మాత్రం కాగితంపైనే ఉంది. ఇక్కడి ఖనిజం నాణ్యత చాలదని, గిట్టుబాటు కాదని కేంద్రం చెబుతూ వచ్చింది. హామీ ఇచ్చిన వారిని నిలదీయడం న్యాయమే. ఆ నిలదీతలో భారీ కర్మాగారం ఒక్కటే పరిష్కారమన్నట్టు మాట్లాడటం మాత్రం ఈ ప్రాంతపు సొంత చరిత్రను మరవడమే.

పాల్వంచ కొలిమి ఎదగకపోవడానికి చిన్నగా పుట్టడం ఒక్కటే కారణం కాదు. ప్రయోగం నెగ్గిన తరువాత దాన్ని వ్యాపారంగా విస్తరించే అధికారం, పెట్టుబడి దానికి దక్కలేదు. ఖనిజం దూరం నుంచి రావలసి వచ్చింది. అడవికి ఆవల బైలదిల్లా గనులు ఉన్నాయి. రైలు కట్ట మాత్రం అటు విశాఖకు వెళ్లింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు 173 కిలోమీటర్ల కొత్త రైలు మార్గానికి ఆమోదం తెలిపింది. ఈ మార్గం పూర్తయితే సరుకు రవాణా లెక్కలు మారతాయి. అప్పుడు భారీ కర్మాగారమే రావాలా, లేక బయ్యారం తరహా తక్కువ రకం ఖనిజాన్ని శుద్ధిచేసి వాడుకునే మార్గం వెదికే ప్రయోగశాల, దానికి జతగా ఒక మోస్తరు కొలిమి ముందు రావాలా అన్నది నిపుణులు తేల్చవలసిన విషయం. 1970లలో అటువంటి ప్రశ్నే వేసుకుని పాల్వంచలో 30 వేల టన్నుల కొలిమి కట్టారు.

జిల్లా కేంద్రాల్లో జరిగే పారిశ్రామిక సమీక్షల్లో కొత్తగా ఎన్ని యూనిట్లు వచ్చాయన్న పట్టిక ఉంటుంది. ఐదేళ్ల క్రితం మంజూరైన యూనిట్లలో ఎన్ని బతికున్నాయి, వాటిలో ఎన్ని అదనంగా ఇద్దరు పనివారినైనా పెట్టుకున్నాయి అన్న పట్టికను కూడా అధికారులు ప్రజల ముందుంచాలి. బ్యాంకుల వద్ద రుణాల లెక్క, విద్యుత్ శాఖ వద్ద మీటర్ల లెక్క ఉండనే ఉన్నాయి. ఈ రెంటినీ కలిపి చూడటానికి కొత్త నిధులేవీ అక్కర్లేదు.